జానెడు జరిపోగు

"ఓఢూ నకా" అన్నాడు డాక్టరు. గుంజొద్దు అని. మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి, సోలాపూర్ దాజీ పేట్ తెలుగువాళ్లకు ఏ భాషలో చెబితే బుర్రకెక్కుతుందో తెలియనట్టు రెండింట్లోనూ చెప్పాడు. గుంజొద్దు, కత్తిరించొద్దు, పాలు పట్టొద్దు, కదలనివ్వకుండా పట్టుకుని హోట్గి రోడ్డుకు తీసుకురండి, ఇవాళ నాతాళ్, క్రిస్మస్ పండగైనా మధ్యాహ్నం దాకా నేను దవాఖానాలోనే ఉంటాను. ఫోను కోడలు ఆరతి చేతిలో ఉంది, స్పీకర్లో. పిల్లి తువ్వాలు చుట్టుకుని యమునాబాయి ఒళ్లో ఉంది. పిల్లి నోటి మూల నుంచి రెండు వేళ్ల పొడవు జరిపోగు వేలాడుతోంది, చివర జొల్లు బొట్టుతో, కిటికీలోంచి పడే ఎండకు మెరుస్తూ, పండగ కళంతా దానిదే అన్నట్టు. ఇంతకుముందే ఎవరైనా గుంజారా అని డాక్టరు అడిగాడు. ఆరతి అత్త వైపు చూసింది. చూసి, జవాబు కోసం ఆగనైనా ఆగకుండా, "లేదు సార్, ఎవ్వరు ముట్టలే" అనేసింది. మంచిది అన్నాడాయన. గుంజితే ఏమవుతుందో కూడా చెప్పాడు, అడక్కపోయినా. లంగా నాడా గుంజితే బట్ట కుచ్చులు పడుతుంది కదా, లోపల పేగు ఆ పోగు మీద అలా కుచ్చులు పడుతుందట, ఇంకా గుంజితే పోగు కత్తిలా పేగును కోసేస్తుందట. యమునాబాయి తన కుడిచేతిని తువ్వాలు మడతలోకి మెల్లగా లాక్కుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుడిచినా ఇంకా తడిగానే ఉంది. ఆమె గుంజింది. జానెడు గుంజింది.

ఎవరు గుంజమన్నారు? ఎవరూ అనలేదు. చేతులే గుంజాయి, ఈ పాడు చేతులు, పోగు వేలాడుతుంటే చూస్తూ ఊరుకోలేని చేతులు. జడలు వేసుకునే వయసు నుంచీ పడుగు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు, తెగిన పోగును పట్టు, గుంజు, ముడెయ్యి, మళ్లీ పట్టు. ఒక్క పోగు వదిలేస్తే చాలు, తల్లి వెనక నుంచి వచ్చి వేళ్ల కణుపుల మీద కొట్టేది. "పోగు ఏలాడుతుంటే సూసుకుంట కూసుంటవా? కండ్లు ఏడ బెట్టినవ్ పోరీ!" ఆ దెబ్బలు వేళ్లలోకి ఇంకిపోయాయి. ఒకసారి సిటీ బస్సులో ముందు సీట్లో ఎవడో పెద్దమనిషి కాలరు వెనక దారం వేలాడుతుంటే టక్కున గుంజింది, వాడు తేలు కుట్టినట్టు వెనక్కి తిరిగాడు, పక్కన కూర్చున్న మొగుడు సిద్ధరాములు సిగ్గుతో చచ్చిపోయి తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. ఇప్పుడు కూడా మనవరాలు ప్రణాలి రోజూ పొద్దున యూనిఫారం వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడుతుంది, ఆజీ సూడు అని రెండు చేతులూ చాస్తుంది, ఎక్కడ పోగు లేచినా యమునాబాయి గుంజి పళ్లతో కొరికేస్తే గానీ ఆ పిల్ల బడికి కదలదు. ఇవాళ పొద్దున పిల్లి దగ్గరా ఆ చేతులు అదే పని చేశాయి. మంచం కింద పిల్లి ముడుచుకుని కూర్చుంది. జొల్లు కారుతోంది. నోటి పక్కన ఏదో మెరుస్తోంది. ఇదేంది తల్లీ అని వంగింది, పట్టింది, గుంజింది. మొదట మెత్తగా వచ్చింది, నూలు చుట్టిన కండె మీద నుంచి పోగు వచ్చినట్టే వచ్చింది, వేళ్లకు అలవాటైన ఆ జారుడు ఎంత హాయిగా ఉందో, ఛీ, హాయట హాయి, తర్వాత ఎక్కడో లోపల పట్టేసింది. పిల్లి అరిచింది. అది పిల్లి అరుపు కాదు, ఈ ఇంట్లో ఎన్నడూ ఎవరూ అరవని అరుపు. ఆమె వదిలేసింది. వదలగానే పోగు తనంతట తానే లోపలికి పోయింది, రెండు వేళ్ల పొడవు మిగిల్చి. వేళ్లకు జొల్లు. ఆ జొల్లులో సన్నగా ఎరుపు. అరుపు విని ఆరతీ ప్రణాలీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె చేతిని చీర కుచ్చిళ్లకు తుడిచేసుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చుంది.

సిద్ధరాములు ఆటో కోసం పోయాడు. ఎంతసేపైంది పోయి? కొడుకు ప్రతీక్ కుంఠా నాకా దగ్గర కార్ఖానాలో ఉన్నాడు, మరమగ్గాల మోతలో ఫోను వాడి చెవికి ఎక్కదు, ఎక్కినా వచ్చి ఏం చేస్తాడు. పిల్లి పేరు కండె. కండెల బుట్టలో పుట్టింది కాబట్టి కండె. వానాకాలంలో ఎక్కడి నుంచో వచ్చిన తల్లి పిల్లి నూలు కండెల మధ్య నాలుగు పిల్లల్ని పెట్టి పోయింది, మూడింటిని కుక్కలు ఎత్తుకుపోయాయి, ఇదొక్కటి బుట్ట అడుగున దాక్కుని బతికింది. ఆ రోజు ప్రణాలి దాన్ని గౌనులో వేసుకుని తెచ్చి, ఆజీ దీన్ని ఎవ్వరు ఎత్కపోకుండ సూస్తవా అని అడిగింది, నేనున్న గద బిడ్డా అంది యమునాబాయి. అంది కదా. అప్పటినుంచీ బీడీలు చుట్టడానికి చాట ఒళ్లో పెట్టుకుంటే పిల్లి వచ్చి చాటను తోసేసి తాను కూర్చుంటుంది. తునికాకు వాసన దానికి ఇష్టం. నీ మొగడు కూడ ఇట్ల ఒళ్లెక్కలేదు గదే అని పక్కింటి లలిత ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. ఇప్పుడది ఒళ్లోనే ఉంది, కానీ కూర్చోలేదు, పడి ఉంది. పొట్ట ముట్టుకుంటే గట్టిగా ఉంది. ఊపిరి తీస్తుందా? తీస్తోంది. ఇదిగో, తీసింది. మళ్లీ తీయదేం? తీసింది. ప్రణాలి మంచం కోడు పట్టుకుని నిలబడి పిల్లిని చూడటం లేదు, ఆజీ మొహాన్ని చూస్తోంది. ఆ చూపు కన్నా తల్లి కొట్టిన దెబ్బలే నయం.

అంతా ఆ చెట్టు వల్ల వచ్చింది. చెట్టు ఏం చేసింది పాపం, మూల నిలబడి ఉంది, ఇప్పుడూ ఉంది, మెరుస్తూ. ప్రణాలి వాళ్ల బళ్లో నాతాళ్ చెట్టు పెట్టారు, ఇంట్లో కూడా కావాలని పిల్ల నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కొనడమెందుకు, నేను చేస్త గద అంది యమునాబాయి. విరిగిన మగ్గం కర్ర నిలబెట్టింది, తువ్వాళ్ల కార్ఖానా నుంచి తెచ్చిన పచ్చనూలు కుచ్చులు కట్టింది, చూసినవాళ్లంతా వాహ్వా అన్నారు. అప్పుడే ఆరతి ఫోనులో ఏదో వీడియో చూసి చదివి వినిపించింది, ఇంట్లో పిల్లి ఉంటే చెట్టును కిటికీ చువ్వకు కట్టాలంట, లేకుంటే ఎక్కి పడేసుకుంటదంట, గాజు గుండ్లు పెట్టొద్దంట, బల్బుల తీగ అందనియ్యొద్దంట, మెరిసే దారాలు అసలే వద్దంట అత్తమ్మా, మింగితే పాణానికొస్తదంట. అన్నీ చేశారు. చువ్వకు కట్టారు, కండె రెండుసార్లు ఎక్కింది, చెట్టు పడలేదు. గాజు గుండ్లకు బదులు గుడ్డ ఉండలు కట్టారు. బల్బుల తీగను సిద్ధరాములే పైన దూలానికి మేకు కొట్టి బిగించాడు. ఒక్క దారం దగ్గరే యమునాబాయి నవ్వింది. "సాలోళ్ల ఇంట్ల పుట్టిన పిల్లికి దారమంటే భయమా? అది దారాలల్లనే కండ్లు తెరిసింది." పొట్ట పట్టుకుని నవ్వింది. పెట్టె అడుగు నుంచి మామగారి కాలపు జరి కండె తీసింది, చేమగ్గం అమ్మేసినప్పుడు అన్నీ పోయినా అదొక్కటి దాచుకుంది, నేత ఇంట్లో పోగు పారేయరు, పోగు పారేస్తే ఇల్లు నిలవదని అత్త చెప్పేది. కొమ్మ కొమ్మకూ జరిపోగులు వేలాడదీసింది. నూలు పోగైతే పిల్లి పళ్ల కింద పుటుక్కున తెగుతుంది, రోజూ తెగుతూనే ఉంది, ఉమ్మేస్తూనే ఉంది. జరి తెగదు. జరి తెగదని ఆమెకు తెలియదా? సోలాపూర్లో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? తెలిసి కూడా నవ్వింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం చేయాలి. అత్త అనేది ఆ మాట కూడా. ఇచ్చినా ఆ పాపం పోదు అనేది. ఒకసారి మగ్గం గుంటలో పిల్లిపిల్ల పడి చచ్చిపోతే అత్త మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వలేదు, అప్పుడే కాపురానికి వచ్చిన యమునాబాయి ఆకలికి గుడ్లు తేలేసి, ఈ ముసలిదానికి పిల్లి ఎక్కువా కోడలు ఎక్కువా అని లోలోపల తిట్టుకుంది. బంగారు పిల్లి. ఎంత బంగారం పడుతుంది? జరి మీద ఉన్నది బంగారమేనా? మామగారు అసలు జరి అనే అనేవాడు. అయితే అది ఇప్పుడు దీని కడుపులో ఉంది. కడుపులో బంగారం నింపుకుని చస్తే అది బంగారు పిల్లి అవుతుందా? ఏం ఆలోచనలివి, దేవుడా, మార్కండేయా, నేను గుంజలేదనిపించు, పొద్దున మళ్లీ తెల్లవారేటట్టు చెయ్యి, మంచం కిందికి నేను వంగనే వంగను, నా చేతులు నరికేసుకుంటాను. చెప్పేస్తే? ఇప్పుడే, ఆరతికే, డాక్టరు దాకా పోకముందే. ఆరతీ అని పిలిచింది. ఏంది అత్తమ్మా అంది ఆరతి, పిల్ల స్వెట్టరు గుండీలు పెడుతూ. ప్రణాలి తిరిగి చూసింది. "తువ్వాలు ఇంకొకటి తే, సలి పెడుతున్నట్టుంది దానికి" అంది యమునాబాయి.

ఆటో వచ్చింది. సిద్ధరాములు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు, వెనక ఆడవాళ్లు, మధ్యలో ప్రణాలి. తువ్వాలులోంచి చెవులు చూసి డ్రైవరు గొణిగాడు, "బోణీకే పిల్లి ఎదురొచ్చిందా మౌషీ." "ఎదురేడొచ్చింది, ఎక్కి కూసున్నది గద, నడుపు నడుపు" అన్నాడు సిద్ధరాములు, గొంతులో మాత్రం నవ్వు లేదు. గతుకు వచ్చిన ప్రతిసారీ యమునాబాయి తువ్వాలును ఒళ్లోంచి కాస్త పైకి లేపి పట్టుకుంది. పోగు దేనికీ తగలకూడదు, తువ్వాలు నూలుకు చిక్కకూడదు, ఆమె గాజుకు చిక్కకూడదు. గాజులు ఎందుకు వేసుకుంది ఇవాళ? పండగ మనది కాదు కదా. ఎడమచేత్తో గాజుల్ని మోచేతి దాకా తోసుకుంది. కుడిచేయి పిల్లి వీపు మీద ఉంది, వేళ్లు పోగుకు అంగుళం దూరంలో, ఆ వేళ్లకు ఇప్పటికీ పట్టాలనే ఉంది, నమ్మండి నమ్మకపోండి, ఇంత జరిగాక కూడా ఆ చివర కనిపిస్తుంటే వేళ్లు లోపల్లోపల కదులుతున్నాయి, మెల్లగా గుంజితే వచ్చేస్తుందేమో, పొద్దున తొందరపడ్డాను, ఈసారి నిదానంగా, చిక్కు తీసినట్టు, ఎన్ని చిక్కులు తీయలేదు నేను, ఇది మాత్రం, వద్దు, ఓఢూ నకా. పిడికిలి బిగించింది. గోళ్లు అరచేతిలో దిగాయి. కుంఠా నాకా దగ్గర కార్ఖానాల మోత ఆటోలోకి వచ్చింది, టకాటక్ టకాటక్, ఎక్కడో లోపల ప్రతీక్ కూడా ఇప్పుడు పోగులే ముడేస్తుంటాడు, వాడికీ ఈ చేతులే ఇచ్చాను. ఒక దుకాణం ముందు ఎర్రటోపీ పెట్టుకున్న బొమ్మ ఊగుతోంది, చెట్టు నిండా తళుకు దండలు. ఆ ఇంట్లో పిల్లి ఉందో లేదో. "ఆజీ, సచ్చిపోతదా?" అని అడిగింది ప్రణాలి. యమునాబాయి ఈసారి నేనున్న గద అనలేకపోయింది. ప్రణాలి ఆమె కుడి మణికట్టును రెండు చేతులతో పట్టుకుంది, ఆ చేయి పిల్లిని కాపాడుతోందని అనుకుని.

దవాఖానాలో మందు వాసన, ఎక్కడో లోపల కుక్క ఏడుపు. డాక్టరు ప్రతీక్ వయసువాడే. బల్ల మీద పిల్లిని పడుకోబెట్టి నోరు తెరిచాడు, చిన్న టార్చి వేసి నాలుక ఎత్తాడు. పోగు నాలుక కింద చుట్టుకుని ఉంది, అక్కడ కోసుకుపోయి ఎర్రగా ఉంది. ఒక కొస ఇక్కడ చిక్కుకుంది, మిగతాదంతా కడుపులోకి పోయింది అన్నాడు. పొట్ట నొక్కాడు. కండె మూలిగింది, అరవడానికి కూడా శక్తి లేక. ఆయన ఆరతి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు, మింగి ఎక్కువసేపు కాలేదు, ఎవరూ గుంజలేదు కాబట్టి ఒక దారి ఉంది, నాలుక కింద పోగును కత్తిరించి వదిలేస్తాను, లోపలిది దానంతట అది జారి బయటపడొచ్చు, సాయంత్రం ఇంటికి తీసుకుపోండి, రేపు చూద్దాం. ఆపరేషన్ అంటే చిన్న ప్రాణం, మత్తు తట్టుకోవాలి కదా. సిద్ధరాములు హమ్మయ్య అన్నాడు. ఆరతి కళ్లు తుడుచుకుంది. డాక్టరు కత్తెర అందుకున్నాడు. యమునాబాయికి ఆ హమ్మయ్యలో దాక్కోవాలనిపించింది. జారి వచ్చేస్తుంది, డాక్టరే అన్నాడు కదా, సాయంత్రానికి ఇంటికి, రేపటికి పాలు తాగుతుంది, ఎవరికీ తెలియదు, వేలికి అంటిన ఎరుపు నాలుకదే అయి ఉంటుంది, నాలుకదే, పేగుది కాదు. మరి లోపల పట్టేసిన ఆ పట్టు? వేళ్లకు తెలిసింది కదా. నాడా గుంజితే బట్ట కుచ్చులు పడేటప్పుడు చేతికి వచ్చే బరువు ఆమెకు తెలియదా, పుట్టిన దగ్గర నుంచీ లంగాలకు నాడాలెక్కిస్తున్న మనిషికి. చెబితే ప్రణాలి వింటుంది. పిల్ల ఇంకా మణికట్టు పట్టుకునే ఉంది. కత్తెర నోటి దాకా వచ్చింది.

"నేను గుంజిన సార్."

డాక్టరుకు తెలుగు అర్థం కాలేదు, మొహం చూసి అర్థమైంది. ఆమె మళ్లీ మరాఠీలో చెప్పింది, వేళ్లు చాచి చూపించింది, ఇంత, జానెడు, లోపల పట్టింది, నెత్తురొచ్చింది, నేనే. "ఆజీ!" అన్నాడు డాక్టరు, గట్టిగానే. కత్తెర పక్కన పెట్టేసి మళ్లీ పొట్ట నొక్కాడు, ఈసారి ఒక్కచోటే చాలాసేపు. లోపలికి కేకేశాడు, మత్తు సిద్ధం చెయ్యండి, ఇంటికి పంపేది లేదు, ఇప్పుడే కోయాలి. తువ్వాలుతో సహా కండెను ఎత్తుకుని లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. అప్పుడు ప్రణాలి మణికట్టు వదిలేసింది. విదిలించలేదు, ఏడవలేదు, ఊరికే వదిలేసి వెళ్లి అమ్మ అవతలి పక్కన కూర్చుంది.

ఆ తలుపు ఎంతసేపటికి తెరుచుకుందో యమునాబాయికి తెలియదు. బెంచీ మీద రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది, ఎవరివో చేతుల్ని కాసేపు చూస్తూ ఉండమని ఇచ్చి పోయినట్టు. చాట లేని ఒడి, పిల్లి లేని ఒడి. అప్పుడే ఎందుకు చెప్పలేదని ఆరతి అడిగితే బాగుండు. అడగలేదు. సిద్ధరాములు అడగలేదు, వచ్చి పక్కన కూర్చుని, "నాకన్న జెప్తే ఏమైతుండె" అని మాత్రం అన్నాడు, ఆ మాట తిట్టు కన్నా ఎక్కువే. లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు. చచ్చిందా? లోపల కోస్తున్నారు, కుచ్చులు విప్పుతున్నారు, ఎన్ని కుచ్చులు, ఒక్కొక్కటీ ఆమె వేసినవే. ప్రణాలి స్వెట్టరు చేతి అంచున పచ్చపోగు ఒకటి లేచి వేలాడుతోంది. యమునాబాయి చూసింది. చూస్తూనే ఉంది. ప్రణాలి కూడా చూసింది, ఆజీ చూడటాన్ని, తర్వాత పోగును. పిల్ల ఆ పోగును గుంజలేదు, వేలితో మెల్లగా మడిచి స్వెట్టరు లోపలికి తోసేసుకుంది.

తలుపు తీసుకుని డాక్టరు వచ్చాడు. చేతిలో స్టీలు పళ్లెం, అందులో జరిపోగు, మూరెడు పైనే ఉంది, ఇంకా మెరుస్తూనే ఉంది సిగ్గులేనిది. రెండుచోట్ల పేగు తెగింది, కుట్టేశాను అన్నాడు. బతుకుతుందా అని సిద్ధరాములు అడిగాడు. రెండు మూడు రోజులు గడిస్తే గానీ చెప్పలేను, ఇంటికి పోయి కూర్చుంటే మాత్రం నేను చేయడానికి ఏమీ మిగిలేది కాదు. ప్రణాలి ఎవరినీ అడగకుండా తలుపులోంచి లోపలికి దూరిపోయింది, వెనకే ఆరతి పోయింది. యమునాబాయి పళ్లెంలోని పోగును తీసుకుంది, చుట్టలేదు, ముడెయ్యలేదు, మూలనున్న చెత్తడబ్బా దాకా నడిచి అందులో పడేసింది. జన్మలో పారేసిన మొదటి పోగు. ఇల్లు నిలవకపోతే పోనీ, అది ఊపిరి తీస్తే చాలు. వెనక్కి తిరిగేసరికి ప్రణాలి తలుపు దగ్గర నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా, మూతి ఇంకా బిగించే ఉంది.

"ఆజీ, కండె కండ్లు తెరిసింది. ఒణుకుతుంది. ఎవరన్న ఒళ్లె పెట్టుకొని ఎచ్చగ పట్టుకోవాల్నంట."

"మీ అమ్మ పట్టుకుంటది బిడ్డా. నా చేతులు వద్దు."

"మమ్మీ పట్టుకుంటే ఊకుంటలేదు." పిల్ల దగ్గరికి రాలేదు, గోడ పక్కనున్న కొళాయి వైపు గడ్డంతో చూపించింది. "చేతులు సబ్బుతోని కడుక్కొని రా. గాజులు తీసెయ్."

యమునాబాయి గాజులు తీసి మొగుడి చేతిలో పెట్టింది. కొళాయి తిప్పింది. నీళ్లు చల్లగా ఉన్నాయి, వేళ్ల సందులు ఒకటికి రెండుసార్లు రుద్దుకుంది. ప్రణాలి అక్కడే నిలబడి, కడగడం అయ్యేదాకా చూసింది.